వాల్వు వేడెక్కేదాకా

మా పక్కషాపు అన్న పోయాడన్న కబురు ఆయన షాపుకే వచ్చింది. ఇప్పుడది ఆయన షాపు కాదులెండి, ఎస్టీడీ బూత్. రేడియో కండెన్సర్ల సీసాలు ఉండిన చోట అద్దాల గది, అందులో ఫోను. పొద్దున్నే బూత్ నడిపే అమ్మాయి గోడ అవతలినుంచి కేకేసింది. "అక్కా, ఉదయగిరి నుంచి ఫోను! ముందు ఈడ రేడియో షాపు పెట్టుకోనుండిన ఆయన రాత్రి చనిపోయినాడంట. పక్కన టైలరమ్మకి చెప్పమన్నారు." సగం కత్తిరించిన జాకెట్టు గుడ్డ నా ముందు బల్లమీద ఉంది. ఏం చేయాలో తోచక మిగతా సగం కూడా కత్తిరించి, షట్టరు దించి బస్టాండుకు పోయాను.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ఆత్మకూరు బస్టాండు దగ్గర మా రెండు షాపులకూ మధ్య గోడ ఒకటే. ఇటు నా కుట్టుమిషను, అటు ఆయన రేడియో సామాన్లు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా, నేనలా పొగడబోవడం లేదు. మా ఇద్దరి తగాదాలు సెంటర్లో టీ తాగేవాళ్ళందరికీ తెలుసు. కానీ అన్నేళ్ళు ఒకే గోడకు వీపులు ఆనించి బతికిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకే బాగుండదు.

తగాదాలన్నీ ఆ రేడియో గురించే. కౌంటరు మీద ఒక పాత వాల్వు రేడియో ఉండేది. పైన చెక్కపెట్టె లేదు. లోపలి పేగులన్నీ బయటే. నాలుగైదు గాజు వాల్వులు, చిన్న చిన్న సీసాల్లాంటివి, ఎర్రగా వెలుగుతూ ఉండేవి. ఎవరు ఏ సామాను కొన్నా అన్న ముందు ఆ రేడియోలో పెట్టి చూపించేవాడు. అందులోని స్పీకరు వైరు ఊడదీసి, అమ్మబోయే స్పీకరు తగిలించి, పలికించి, అప్పుడు పొట్లం కట్టేవాడు. కొనేవాడు కాలిపోయిన పాత ముక్క తేవాలి, కొత్త ముక్క రేడియోలో పలకాలి. ఈ రెండూ కాకుండా ఆ షాపులో బేరం లేదు.

ఇందులో నష్టమంతా నాది. మిషను తొక్కుతూ గోడ అవతలి పాట వింటుంటాను, సరిగ్గా చరణంలోకి వచ్చేసరికి టక్కున ఆగిపోతుంది. నాటకం వస్తుంటే హీరోయిన్ ఏడుస్తూ ఏదో చెప్పబోతుంది, టక్. తర్వాత ఆమె ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు. కోపం ఆపుకోలేక పోయి అడిగేదాన్ని.

"ఏందన్నా ఇది? ఒక్క పాటన్నా పూర్తిగా విననియ్యవా?"

"వాల్వు మార్చినానమ్మా. వేడెక్కనీ, పలకతాది."

"నీ వాల్వు వేడెక్కే లోపల పాట అయిపోతాది!"

"ఇంకో పాట వస్తాదిలే. పాటలకేం కరువా?"

ఇక ఆయనతో ఏం కొట్లాడతాం? వాల్వు రేడియో స్విచ్చి వేయగానే పలకదు. ముందు నిశ్శబ్దం, తర్వాత సన్నగా గుర్రుమని ఒక మోత, ఆ తర్వాతే మాట. 'వేడెక్కనీ' అన్నది ఆయన నోట్లో ఊతపదం అయిపోయింది. బస్సు లేటయినా అదే, నేను మండిపడుతుంటే మా ఆయన మాట్లాడకపోయినా అదే. "వేడెక్కనీమ్మా, పలకతాడు" అనేవాడు. పొద్దున ఆయన షట్టరు ఎత్తిన చప్పుడు, స్విచ్చి చప్పుడు, కాసేపటికి ఆ గుర్రు. అది వినపడ్డాకే నేను సూదిలో దారం ఎక్కించేదాన్ని. ఎందుకంటే ఏమో, అలవాటు.

ఒకసారి ఆ రేడియోమీద దుమ్ము చూడలేక మిగిలిన పూల గుడ్డతో మంచి తొడుగు కుట్టి ఇచ్చాను. రెండోరోజే తీసేశాడు. "దానికి ఉక్కపోస్తా ఉండాదమ్మా" అన్నాడు. ఆ తొడుగు ఆయన భార్య, నేను వదినా అని పిలిచే ఆమె, పప్పుడబ్బాకు వేసుకుంది.

ఆ రోజుల్లో సంత రోజు ఆ షాపులోకి కాలు పెట్టడానికి చోటు ఉండేది కాదు. సోమశిల, సంగం, మర్రిపాడు, ఉదయగిరి, ఎక్కడెక్కడి రేడియో మెకానిక్‌లూ సంచుల్లో కాలిన ముక్కలు వేసుకుని దిగేవాళ్ళు. బెంచీమీద కూర్చుని ఏ సెట్టుకు ఏ జబ్బో చెప్పుకుంటుంటే, ఆస్పత్రి వరండాలో రోగుల బంధువులు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. తర్వాత వాళ్ళు తగ్గిపోయారు. ఏదో పెద్ద గొడవ జరిగి కాదు. సంగం ఆయన ఆటో కొనుక్కున్నాడు. సోమశిల ఆయన ఇళ్ళకు కేబులు వైర్లు లాగే పనిలోకి పోయాడు. నెల్లూరులో వాయిదాలమీద టీవీలు ఇస్తున్నారని జనం బస్సులెక్కి పోయారు. కొత్త టేప్‌రికార్డర్లు ఎవరైనా తెస్తే అన్న తిప్పి తిప్పి చూసి, "దీన్ని బాగుచేసేదానికి చెయ్యలేదమ్మా, పారేసేదానికే చేసినారు" అని నాతో అనేవాడు. మద్రాసునుంచి వాల్వులు పంపే షాపతను, తనే మూసేస్తున్నానని కబురు చేశాడు.

అన్న మాత్రం రోజూ వచ్చి షట్టరు ఎత్తేవాడు. గిరాకీ లేని షాపులో మనిషి ఎలా కూర్చుంటాడో నేను చూశాను. తుడిచిన సీసానే మళ్ళీ తుడిచేవాడు. వదిన మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చి, నా షాపులో కూలబడి అక్కడినుంచే ఆయనకు వినపడేలా అనేది.

"షాపు బాడుగకిచ్చినాయన ఫోను బూత్ పెట్టుకునేదానికి అడగతా ఉండాడు. ఈయన ఇయ్యడు. ఈగలు తోలుకునేదానికి షాపెందుకో నువ్వైనా అడుగు!"

అవతలినుంచి జవాబు వచ్చేది. "ఆ రేడియో పలికినన్నాళ్ళూ తెరుస్తా. అది ఆగిన దినం నువ్వు చెప్పనక్కర్లా, నేనే తాళమేస్తా."

"ఆ దరిద్రపుది ఎప్పుడాగతాదో ఏమో దేవుడా!"

అలా అన్నదే కానీ, రేడియో ఏ పూటైనా కొంచెం గరగరలాడితే ముందు ఆమే లేచి తొంగిచూసేది.

అది ఆగిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఉదయగిరినుంచి చర్చి పెద్ద ఒకాయన వచ్చాడు. అన్న సొంతూరూ అదే, సంఘమూ అదే. జేబురుమాలులో చుట్టిన నల్లబడ్డ వాల్వు కౌంటరు మీద పెట్టాడు. అది చర్చిలోని పాత ఆంప్లిఫయరుది, మైకు సెట్టుది. క్రిస్మస్ దగ్గరికొచ్చింది.

"నెల్లూరంతా తిరిగినాను అన్నా. యాడా లేదు. ఇంకా దీన్ని పెట్టుకోనుండారా అని నవ్వతా ఉండారు. కొత్త సెట్టు కొనుక్కోమంటారు. యాడ కొనేది మనం?"

అన్న సీసాలు వెతికాడు, అట్టపెట్టెలు దించాడు. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, అవి ఖాళీ. అలాంటి వాల్వు ఒక్కటే మిగిలి ఉంది. కౌంటరు మీద ఎర్రగా వెలుగుతోంది. చర్చి పెద్ద కూడా అటే చూశాడు గానీ, పాపం, అడగలేకపోయాడు.

అప్పుడు రేడియోలో ఎవరో ముసలాయన హరికథ చెబుతున్నాడు. అన్న చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "కూర్చో" అన్నాడు పెద్దతో. హరికథ అయ్యేదాకా ముగ్గురం ఊరికే కూర్చున్నాం. మంగళం పాడాక, నా వైపు తిరిగి, "పూర్తిగా విన్నావు కదమ్మా?" అన్నాడు. ఆ షాపులో నేను కొసదాకా విన్నది అదొక్కటే.

స్విచ్చి ఆపి, వాల్వు చల్లారాక ఊడదీసి, దూది చుట్టి ఇచ్చాడు. కాలిపోయిన దాన్ని మాత్రం ఉంచుకుని, రేడియోలో ఆ ఖాళీ అయిన చోట గుచ్చాడు. "బోసిగా ఉంటే బాగుండదు" అన్నాడు. చర్చి పెద్ద పోయాక తుడవడానికి గుడ్డ తీసుకున్నాడు గానీ ఏ సీసానూ తుడవలేదు. నెల తిరక్కుండా తాళాలు షాపు ఓనరుకు ఇచ్చేసి, వదినను తీసుకుని ఉదయగిరి పోయాడు. వదిన గెలిచినట్టే కదా! బస్సు ఎక్కేముందు ఆమె నన్ను పట్టుకుని ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను.

ఆ తర్వాత బూత్ వచ్చింది. గోడ అవతల ఇప్పుడూ మాటలే, కానీ అన్నీ పరుగుమీద మాటలు, మీటరు తిరుగుతుంటుంది కదా. నాకు విసుగు. పని చేయబుద్ధి కాదు.

నేను ఉదయగిరిలో దిగేసరికి శవపెట్టెను చర్చి ముందు పందిట్లో పెట్టారు. పాత మెకానిక్‌లు కొందరు వచ్చారు. ఆటో కొనుక్కున్న సంగం ఆయన ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. వదిన తలమీద కొంగు కప్పుకుని పెట్టె పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడవలేదు. పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టడానికి మైకు దగ్గరికి వచ్చారు. ఎవరో ఆంప్లిఫయరు స్విచ్చి వేశారు. అయ్యగారు నోరు తెరిచారు, మైకులోంచి ఏమీ రాలేదు. వేలితో తట్టారు. లేదు.

వెనకనుంచి ఒకతను విసుక్కున్నాడు. "ఈ పాతది పనికిరాదని అప్పుడే చెప్పినా గదా. బిన్నే, నిమిషంలో పోయి షామియానా షాపులో మైకు తీసుకొస్తాం ఉండండి." ఇద్దరు సైకిలు తీశారు కూడా.

"ఉండండి నాయనా" అంది వదిన. తల ఎత్తకుండానే అంది. "వేడెక్కనీండి. పలకతాది."

సైకిలు ఆగింది. కొండ కిందికి మేతకు పోతున్న గొర్రెల మెడల్లో గంటలు వినపడుతున్నాయి. అయ్యగారు పుస్తకం మూసుకుని నిలబడ్డారు. అందరం ఆ పాత డబ్బా వైపే చూస్తున్నాం.

కాసేపటికి సన్నగా గుర్రుమంది. నా వేళ్ళు వాటంతటవే దారం కొస కోసం వెతుక్కున్నాయి.