రోడ్డు దాటడానికి ముప్పై అయిదు సెకండ్లు

ఇవాళ పొద్దున లైబ్రరీ ముందు రోడ్డు మీద తెల్ల చారలు మళ్ళీ కొత్తగా వేస్తున్నారు. చిన్న తోపుడు బండి మీద డబ్బాలో రంగు మసులుతోంది. కాలిన ప్లాస్టిక్, తారు, గ్యాసు పొయ్యి కలిసిన ఘాటు వాసన. పనివాళ్ళు ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకున్నారు. దాటడానికి వచ్చినవాళ్ళు ముఖం తిప్పుకొని తొందరగా పోతున్నారు. నేను మాత్రం పనికి ఆలస్యమవుతుందని తెలిసీ అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు ఓబులరెడ్డి పెద్దనాయన గుర్తొస్తాడు. ఆయన ఈ చారలను చూడలేదు, వీటి మీద ఒక్క అడుగు కూడా వేయలేదు. అయినా బళ్ళారిలో ఈ చోట ఒక ముసలి మనిషి భయం లేకుండా రోడ్డు దాటుతున్నాడంటే అది ఆయన వల్లనే. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఇంకా ఇక్కడ మిగిలింది నేనొక్కణ్ణే.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. చోరనూరు రైతు కుటుంబంలో పుట్టి, పొలం అన్నకు వదిలేసి, సండూరు గనుల నుంచి ఖనిజం మోసే లారీలు ముప్పై ఏళ్ళు నడిపిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "లారీలో ఉండేది రెండు సీట్లు గదప్పా, రెండోదాంట్లో క్లీనరు కూచుంటాడు" అనేవాడు. నాదీ పెళ్ళి కాని బతుకే. గాంధీనగర్ వెనక ఒక గది, జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో గుడ్డ కత్తిరించే పని. పదో తరగతితో బడి మానేశాను, ఆ తర్వాత చదువంతా ఈ లైబ్రరీదే. కన్నడ పుస్తకాల మధ్య ఒకే ఒక్క తెలుగు బీరువా ఉండేది. దాన్ని పై అర నుంచి కింది అర దాకా రెండుసార్లు చదివాను. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. కానీ చదివింది చెప్పుకోవడానికి మనిషి కావాలి. యూనిట్‌లో మిషన్ల హోరులో పక్కవాడి మాటే వినబడదు. గదిలో వినేవాళ్ళు లేరు. ఎంత మంచి పుస్తకమైనా ముగించిన సాయంత్రం నాకు ఆకలి వేసినట్టు ఉండేది.

ఆయనతో పరిచయం అలాంటి ఒక సాయంత్రమే. చేతిలో పుస్తకం తెరిచి పెట్టుకొని, చివరి పేజీలు చదువుకుంటూనే రోడ్డు దాటబోయాను. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకొని లాగారు. ముఖానికి గాలి కొట్టి ఒక బస్సు వెళ్ళిపోయింది. తిరిగి చూస్తే తెల్ల మీసాల పొడుగాటి మనిషి, ఒక చేతిలో సైకిల్, ఒక చేతిలో నా చొక్కా.

"ఏమప్పా, కడాకు ఏమయితాదో తెలుసుకోకుండానే పోతాండావే. పుస్తకం ముగిసినాక చావచ్చులే, ఏంది తొందర?"

 ఆయన పుస్తకం వైపు గడ్డంతో చూపించి, "ఏమి కథ అది?" అన్నాడు. సముద్రాలు దాటి పోయిన వాళ్ళ కథ అన్నాను.

"నేనూ చూసినాలేప్పా సముద్రం. ఓడరేవు దాకా లోడు తోలినా. లారీ దిగలేదు, అంతే. చెప్పు, వాళ్ళు దిగిరా?"

చెప్పాను. లైబ్రరీ మెట్ల మీద కూర్చొని గంటసేపు చెప్పాను. నా జీవితంలో ఒక పుస్తకం కథ మొదటి నుంచి చివరి దాకా విన్న మొదటి మనిషి ఆయన. మరుసటి రోజు అయిదున్నరకు మళ్ళీ వచ్చాడు. కళ్ళల్లో పొర వచ్చి అచ్చు కనబడేది కాదు. నేను పేపరు చదివేవాణ్ణి, తర్వాత పుస్తకం. ఆయన గది రోడ్డుకు అవతల, లారీ స్టాండు పక్క సందులో. డివైడర్ మధ్యలో మనిషి, సైకిల్ పట్టేంత ఖాళీ ఒకటి ఉండేది. దానిగుండా సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవాడు. దాన్ని ఎక్కేవాడు కాదు. ముప్పై ఏళ్ళు క్లచ్ తొక్కి ఎడమ మోకాలు అరిగిపోయింది. చేతికర్ర పట్టుకుంటే ముసలోడంటారని సైకిల్ పట్టుకునేవాడు. సీటు మీద చెయ్యి వేసి, కుడి కాలు ముందుకు పెట్టి, ఎడమ కాలిని దాని పక్కకు తెచ్చుకొని, మళ్ళీ కుడి కాలు.

ఒక ఆదివారం నన్ను లారీ స్టాండుకు తీసుకుపోయాడు. తెలిసిన డ్రైవరును అడిగి, నిలిపి ఉన్న ఒక లారీలో నన్ను ఎక్కించాడు. స్టీరింగు ముందు కూర్చోమన్నాడు. అంత ఎత్తు నుంచి రోడ్డు చూడటం అదే మొదటిసారి. సంగనకల్లు గుట్టలు కూడా కనబడుతున్నాయి. నాకు పిల్లవాడిలా సంతోషం వేసింది. అంతలో ఆయన సైకిల్ తీసుకొని లారీ ముందు నుంచి ఎడమ పక్కకు నడిచి మాయమైపోయాడు.

"యాడుండానో చెప్పప్పా" అని గొంతు వినబడింది.

అద్దంలో చూశాను. మెడ చాచి చూశాను. "కనపడలేదు పెద్దనాయనా."

"చక్రం పక్కనే ఉండా. సైకిలు హ్యాండిలు నీ లారీకి తగులుతాండాది."

కిందికి దిగేసరికి ఆయన అక్కడే నిలబడి టైరు వైపు చూస్తున్నాడు. "ముప్పై ఏండ్లు ఆడ కూచున్నా. ఎవురెవుర్ని చూడకుండా పోయినానో నాకే తెలీదు. తగల్లేదు, అది నా అదృష్టం. అంతే, నా తెలివి కాదు" అన్నాడు. 

ఆ వానాకాలంలో ఈరమ్మకు దెబ్బ తగిలింది. ఆమె డివైడర్ ఖాళీకి ఎదురుగా, లైబ్రరీ పక్కన పూలు అమ్మేది. రోడ్డు దాటుతుంటే టెంపో గుద్ది తుంటి ఎముక విరిగింది. రోడ్డంతా కనకాంబరాలు. వాటి మీదుగానే బండ్లు పోయాయి. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. తర్వాత నెల రోజులు నగరాల రోడ్ల గురించి లైబ్రరీలో దొరికినదంతా చదివాను. దొరికిన వాటిలో ఒక లావాటి కన్నడ పుస్తకంలో, రద్దీ రోడ్డు మీద మనుషులను బండ్ల నుంచి విడదీయాలని, అందుకు పైవంతెన మేలని ఉంది. బొమ్మలు కూడా ఉన్నాయి. నాకు దారి దొరికింది. కన్నడలో అర్జీ రాశాను, యూనిట్‌లో అందరి సంతకాలు తీసుకున్నాను, పెద్దనాయనకు చదివి వినిపించాను.

ఆయన చివరి దాకా విని, "బ్రిడ్జి ఎవురు అడిగిరప్పా?" అన్నాడు.

"ఎవరూ అడగలేదు. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉండాది సరే. ఆ డివైడరు సందు కాడ ఒక దినం నిలబడి చూడు, దాటేది ఎవురో. అప్పుడు రాయి."

నాకు కోపం వచ్చింది. రాయడం వచ్చినవాణ్ణి నేను, అచ్చు కనబడని మనిషి నాకు చెప్పడమా అని లోపల అనుకున్నాను. పైకి అనలేదు గానీ ఆయనకు అర్థమైందనుకుంటాను. సంతకం పెట్టమంటే పెట్టాడు.

నేను ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడు వృథా కాలేదు. రెండేళ్ళకు వంతెన వచ్చింది. ఆఫీసుల్లో దాన్ని స్కైవాక్ అంటారు. నీలం రంగు ఇనుము, పక్కకు నలభై రెండు మెట్లు. ప్రారంభం రోజున నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. పైకి ఎక్కి చూశాను. కింద లారీలు నది లాగా పోతున్నాయి. చదువు ఇనుముగా మారి నిలబడిందనిపించింది. మరుసటి రోజు వచ్చి డివైడర్ ఖాళీని సిమెంటు దిమ్మెలతో మూసి, పైన ఇనుప జాలి బిగించారు.

ఆ సాయంత్రం అయిదున్నరకు పెద్దనాయన రాలేదు. మరుసటి రోజూ రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. మూడో రోజు మెట్ల మీద కూర్చొని తల ఎత్తితే, రోడ్డుకు అవతల, జాలి వెనక, సైకిల్ పట్టుకొని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. ఏదో అన్నాడు, బండ్ల హోరులో వినబడలేదు. నేనూ చెయ్యి ఎత్తాను. ఇద్దరి మధ్య ఉన్నది ఎప్పుడూ ఉన్న రోడ్డే. నా అర్జీ దాన్ని ఆయన దాటలేనిదిగా చేసింది.

నలభై రెండు మెట్లు ఎక్కి, నలభై రెండు దిగి ఆయన దగ్గరకు పోయాను.

"బాగుందప్పా బ్రిడ్జి" అన్నాడు. "కింద నుంచి చూస్తే బాగానే ఉండాది."

"నేనే ఇటు వస్తా పెద్దనాయనా, రోజూ. మీ గదిలో చదువుతా."

"నువ్వు వస్తావులే. ఈరమ్మకు ఎవురు వస్తారు?"

అప్పుడు చూశాను. ఈరమ్మ కర్ర పట్టుకొని మొదటి మెట్టు మీద కూర్చొని పూలు అల్లుతోంది. ఆమె బేరమంతా రోడ్డుకు అటుపక్క, లైబ్రరీ వైపు. "నాకు ఎక్కేదానికి కాదు అన్నా" అంది నాతో, తప్పు ఆమెదైనట్టు.

ఆ వారమంతా సెలవు పెట్టి పెద్దనాయనతో వంతెన కింద నిలబడ్డాను. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. ఎక్కనివాళ్ళు ఎవరో అంతా కనబడింది. సైకిల్ మీద పనికి పోయే మా యూనిట్ వాళ్ళు అర మైలు ఎదురుగా, తప్పు దారిలో తొక్కుకుంటూ పోతున్నారు. కడుపుతో ఉన్న ఒకామె మెట్ల వైపు చూసి వెనక్కి తిరిగింది. పంచె ఎగ్గట్టి జాలి ఎక్కి దూకుతున్నవాళ్ళకైతే లెక్కే లేదు. కింద రోడ్డు మీదే దాటే దారి అడుగుతూ రెండో అర్జీ రాయడానికి కూర్చున్నప్పుడు, మొదటిదాని మాట ఎత్తకుండా ఎలా రాయాలా అని ఆలోచిస్తున్నాను.

"తప్పు నాదని మొదట రాయప్పా" అన్నాడు ఆయన. "నీదని రాస్తే వాళ్ళది కాదని నెమ్మదిగా కూచోని చదువుతారు. లేకపోతే కడాదాకా చదివేది లేదు."

అలాగే రాశాను. 

రోడ్ల ఆఫీసు ఇంజినీరు కుర్రవాడు, మంచివాడే. అర్జీ చూసి నవ్వాడు. "బ్రిడ్జి బేకు అంత బరెదిద్దు నీవే అల్వా? కావాలని రాసింది మీరే, ఇప్పుడు వద్దంటే ఎట్ల?" అన్నాడు. కానీ మేము పదే పదే అడిగితే రోడ్డు దగ్గరకు వచ్చాడు. పెద్దనాయన ఎక్కువ మాట్లాడలేదు.

"సార్, మీరు వయసులో ఉండారు. ఈ సైకిలు తీసుకొని ఒకతూరి అవతలకు పోయి రాండి. నేను ఈడ కూచుంటా."

ఇంజినీరు నవ్వుతూనే సైకిల్ ఎత్తుకున్నాడు. పదో మెట్టు దగ్గర చెయ్యి మార్చుకున్నాడు. మలుపు దగ్గర పెడలు మోకాలికి తగిలింది. అక్కడ కాసేపు నిలబడి, కిందికి దిగి వచ్చాడు.

"స్వల్ప కష్టనే" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "కానీ పైనుంచి ఆర్డరు రావల్ల, పెద్దాయనా."

"ఈ మెట్లు కూడా పైనుంచే వచ్చె గద సార్" అన్నాడు పెద్దనాయన. ఈరమ్మ పగలబడి నవ్వింది. ఇంజినీరు కూడా.

ఆర్డరు రావడానికి ఏడాదికి పైనే పట్టింది. ఈలోగా పెద్దనాయన గది గడప దగ్గర పడిపోయాడు. అన్న కొడుకు వచ్చి చోరనూరుకు తీసుకుపోయాడు. నేను యూనిట్ నుంచి వచ్చేసరికి గదికి తాళం ఉంది. అయిదున్నరకు మెట్ల మీద కూర్చొని, అలవాటు కొద్దీ పేపరు పైకి చదవడం మొదలుపెట్టి, లైబ్రరీ అటెండరు వింతగా చూస్తే ఆపేశాను.

దిమ్మెలు తీసేసి, రోడ్డును కొంచెం ఎత్తు చేసి చారలు వేసిన వారమే బస్సెక్కి చోరనూరు పోయాను. ఆయన వసారాలో మంచం మీద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. పరుగెత్తి వచ్చినవాడిలా అంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. డివైడర్ సందు తెరిచారు, ఎత్తు దగ్గర లారీలు నెమ్మదిస్తున్నాయి, సైకిళ్ళకు పక్కన వేరే గీత గీశారు, సిగ్నల్ కూడా పెట్టారు అని.

"మనిషికి ఎంతసేపు ఇచ్చినారు?" అన్నాడు.

"ఇరవై సెకండ్లు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు మంచం పట్టె మీద నెమ్మదిగా కదిలాయి. ఒకటి, ఆగి, ఇంకొకటి. నిద్రపోయాడనుకున్నాను.

"నాకు చాలదప్పా" అన్నాడు. "నడిమి దాకా వస్తా. ఆడ నిలబడిపోతా."

"ఎంత కావాలి?"

"ముప్పై అయిదు. ఈరమ్మకు గూడా సరిపోతాది."

ఇంజినీరు ముప్పై అయిదు అంటే ఒప్పుకోలేదు. బండ్లు ఆగిపోతాయన్నాడు. ఈసారి నేను పుస్తకాల మాట ఎత్తలేదు. "మీ ఫోన్‌లో టైమ్ చూడండి" అని చెప్పి రోడ్డు దాటాను. పక్కన లేని సైకిల్ సీటు మీద ఎడం చెయ్యి వేసినట్టు పెట్టి, కుడి కాలు ముందుకు, ఎడమ కాలు దాని పక్కకు, మళ్ళీ కుడి కాలు. చుట్టూ జనం చూస్తున్నారు. ఎవరో వెక్కిరించారు. ఆయన పక్కన ఎన్నేళ్ళు నడిచానో ఆ నడక నా ఒంట్లోనే ఉంది, వెతుక్కోవలసిన పని లేకపోయింది. అవతలకు చేరేసరికి ముప్పై నాలుగు. ఇంజినీరు ఫోన్ నాకు చూపించి, సరే అన్నాడు.

ఆ మాట చెబుదామని చోరనూరుకు ఫోన్ చేస్తే అన్న కొడుకు ఎత్తాడు. "పోయి మూడు దినాలాయె అప్పా. మీకు చెప్పల్లని ఎవురికీ తెలీకపాయె" అన్నాడు. అందులో అతని తప్పేమీ లేదు. నేను వాళ్ళకు ఏమవుతానని?

ఇప్పుడు నేను దేని గురించి అర్జీ రాయాలన్నా ముందు అక్కడికి పోయి నిలబడతాను. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళెవరో చూసి, వాళ్ళ వెనక నడుస్తాను. ఆ తర్వాతే కాగితం. పుస్తకాలు మానలేదు, ఇంకా ఎక్కువే చదువుతున్నాను. చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ దొరకలేదు.

ఈ సిగ్నల్ దగ్గర వయసులో ఉన్నవాళ్ళు పది సెకండ్లలో దాటేస్తారు. మిగిలిన సేపంతా రోడ్డు ఖాళీగా ఉంటుంది. లారీ డ్రైవర్లు విసుక్కుంటారు, ఎవరి కోసం ఇంతసేపు అని హారన్ కొడతారు. సాయంత్రం పని ముగిశాక నేను ఒకసారి దాటుతాను, ఎడమ కాలు కొంచెం ఆలస్యంగా వేస్తూ. అవతల నాకు పనేమీ లేదు. అక్కడ కాసేపు నిలబడి, మళ్ళీ పచ్చ దీపం పడ్డాక అదే నడకతో వెనక్కి వస్తాను.