వేలు పెట్టనియ్యని మొగిలి

మా ఆయన మొగిలిని సైట్లల్ల అందరు మొరటోడు అంటుండిరి. సొంత తమ్ముణ్ని పదిమందిల కొడ్తడని పేరు. ఆ మాట అబద్ధం కాదు. నడుమల వడి నేను గూడ ఎన్నో దెబ్బలు తిన్న. కాని ఎందుకు కొట్టెటోడో ఎవ్వరు అడగలె. నాకు తెలిసినంత రాస్తున్న.

మాది నాగర్‌కర్నూల్ దిక్కు. నల్లగండ్లల అపార్ట్‌మెంట్లు కట్టే సైటు పక్కన రేకుల రూములల్ల ఉంటుంటిమి. ఆయన ముందల బకెట్ ఉన్న ట్రాక్టర్ నడిపెటోడు. మట్టి ఎత్తాల్నంటె బకెట్ ఉండాలె. ఇటుకల దిమ్మెలు దించాల్నంటె బకెట్ తీసి, ఇనుప కొమ్ములోలె ఉండే ఫోర్కులు పెట్టాలె. దినాం మూడు నాలుగు సార్లు అది తీసుడు, ఇది పెట్టుడు. బకెట్‌ను ట్రాక్టర్ చేతులకు పట్టి ఉంచేటివి రెండు లావాటి పిన్నులు. పిన్ను దూరాల్నంటె ఇటు బొక్క, అటు బొక్క సూటిగ కలవాలె.

కలిసినయా లేదా అని అందరు వేలు పెట్టి చూస్తరు. జీడిమెట్లల కొత్తగ పనికి కుదిరినప్పుడు మా ఆయన గూడ గట్లనే పెట్టిండు. ట్రాక్టర్ మీద కూసున్నోని మోచెయ్యి బకెట్ లేపే లీవర్‌కు తాకింది. అంతే. కుడి చేతి రెండు వేళ్లు తెగి గ్రీజుల వడ్డయి. ఆయన వాటిని తువ్వాలల మూట గట్టుకొని దవాఖానకు నడుసుకుంట పోయిండు. ఇగ అవి అతుకయని డాక్టర్లు చెప్పిండ్రు.

అప్పటిసంది బకెట్ తీస్తుంటే ఆయన ముంగట ఎవ్వరు తొందర పెట్టొద్దు. సాపు నేల చూసి, బకెట్ పూరాగ నేలకు ఆనేటట్టు దించెటోడు. ఇంజన్ బంద్ చేసెటోడు. బంద్ చేసినంక గూడ లీవర్‌ను అటు ఇటు ఆడించెటోడు, పైపులల్ల ఆయిల్ బలం దిగాల్నని. తాళం చెవి తీసి మొలతాడుకు కట్టుకొని, గప్పుడు కిందికి దిగెటోడు. గడ్డపారతోని బొక్కలు కలిపి, వంగి కంటితోని చూసెటోడు. వేలు మాత్రం పెట్టడు.

మా మరిది రాజేందర్ గూడ అదే సైట్ల పని. ముప్పై ఏండ్లోడు, పెండ్లయినోడు. మా అత్తమ్మ పానం పోయేటప్పుడు వాని చెయ్యి పట్టి ఈయన చేతుల పెట్టింది. “వీన్ని నిండుగ చూసుకో కొడకా” అన్నది. ఈయన ఆ మాటను గట్టిగ పట్టుకున్నడు. వానికి చదువు చెప్పియ్యలేకపోయిండు, ఇల్లు కట్టియ్యలేకపోయిండు. వాని ఒంటికి ఏం గావద్దు, గదొక్కటే ఆయన ఫికర్.

ఆనాడు పొద్దుగాల రాజేందర్ మళ్ల పిన్ను బొక్కల వేలు పెట్టిండు. ఈయన సెంట్రింగ్ కట్టె తీసుకొని వాని వీపు మీద వేసిండు.

“అందరి ముంగట కొడ్తవా? నాకు పెండ్లామున్నది!” అని వాడు తిరగవడ్డడు.

“ఉన్నది గద. రేపటిసంది ఆమెను బువ్వ కలిపి నోట్లె పెట్టుమంటవా?”

“నీకు వేళ్లు లేవని లోకమంత మొండిచేతులతోనే ఉండాల్నా ఏంది?”

లేబరోళ్లు పక్కున నవ్విండ్రు. ఈయన మళ్ల కొట్టిండు. పెదవి పలిగి నెత్తురు కారింది. వాడు నెత్తురు ఉమ్మి, “ఇగ నువ్వు నాకు అన్నవే కాదు” అన్నడు.

మధ్యాహ్నం నేను టిఫిన్ పట్టుకొని పోయేసరికి ఇటుకల లారీ వచ్చి ఉంది. ట్రాక్టర్ ఏటవాలు దిగుడు మీద ఆగి ఉంది. సూపర్‌వైజర్ వెంకటరమణ అరుస్తున్నడు.

“ఏవయ్యా మొగిలీ, ఫోర్కులు పెట్టడానికి ముహూర్తం కావాలా? లారీవాడు పోతానంటున్నాడు!”

“ఈడ దిగుడున్నది సార్. సాపు జాగకు తీస్కపోత. జర ఆగుండ్రి.”

“నాకే చెప్తావా?” అని వెంకటరమణ మా ఆయన కాలర్ పట్టి గుంజి, చెంప పలగగొట్టిండు. “రాజేందర్, నువ్వు తియ్యరా. మీ అన్నకి భయమట!”

రాజేందర్ నా దిక్కు గూడ చూడలె. పొద్దటి కోపం వాని కండ్లల్లనే ఉంది. ట్రాక్టర్ ఎక్కిండు. బకెట్‌ను మోకాలెత్తుల లేపే ఉంచి, ఇంజన్ నడుస్తుండంగనే దిగిండు. సుత్తితోని ఒక పిన్ను కొట్టి తీసిండు. బకెట్ ఒక పక్కకు ఒరిగింది. రెండో పిన్ను ఇరికింది. ఎంత బొక్క కలిసిందో చూద్దామని వేలు పెట్టిండు.

మా ఆయన ఉరికిండు. తమ్ముణ్ని కాలితోని పక్కల తన్నిండు. వాడు బోర్ల వడి కంకరల పోయిండు. అప్పుడే బకెట్ గిర్రున తిరిగి మా ఆయన మీద వడ్డది. తొడలు, కడుపు దాని కిందికి పోయినయి. ఎండిన కట్టె ఇరిగినట్టు సప్పుడయింది. టిఫిన్ నా చేతిలకెళ్లి ఎప్పుడు జారిందో తెల్వది.

రాజేందర్ లేచి బకెట్ అంచు కింద చేతులు పెట్టవోయిండు. మా ఆయన నోట్లకెళ్లి నెత్తురు వస్తుంది. అయినా తిట్టిండు.

“చెయ్యి తియ్యిరా గాడిదా! ఇంజన్ బంద్ చెయ్. లీవర్ ముట్టకు. ఒక్క పిన్ను మీద లేపితే మళ్ల తిరుగుతది. గడ్డపారలు తెప్పియ్.”

వాడు ఏడ్సుకుంట ఒక్కొక్కటే చేసిండు. ఎనమండుగురు గడ్డపారలు పెట్టి ఎత్తితే, నేను, వాడు కలిసి ఆయనను బయటికి గుంజినం. ఆ పక్కన “వాడే అడ్డం వచ్చాడు, నేనేం చేశాను?” అంటున్న వెంకటరమణను లేబరోళ్లు కింద పడేసి తొక్కుతున్నరు. వాని పండ్లు రాలి ఇసుకల వడ్డయి. ఆపబుద్ధి గాలె నాకు.

దవాఖానకు చేరకముందే ఆంబులెన్స్‌ల ఆయన పానం పోయింది. పోయేముందల నా దిక్కు చూడలె. తమ్ముని చేతులు దగ్గరికి తీసుకొని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, కండ్లు మూసుకున్నడు.

దవాఖాన వరండల రాజేందర్ గోడకు చెయ్యి కొట్టుకున్నడు. ఊకె కొట్టుకుంటనే ఉన్నడు. తోలు లేచిపోయి గోడంత నెత్తురయింది.

“ఈ చెయ్యే చంపింది వదినా! ఇది నాకొద్దు!”

నేను లేచి వాని చెంప మీద కొట్టిన. నాకు ఎంత బలముంటె అంత. మనిషిని కొట్టుడు నా జన్మల గదొక్కసారే.

“అది నీదా, ఒద్దనెతందుకు? ఆయన పానం వెట్టి మిగిల్చిన చెయ్యి అది. నువ్వెవనివి ఇరగ్గొట్టెతందుకు?”

వాని చెయ్యి నా కొంగుల చుట్టి పట్టుకున్న. వాడు గుంజుకున్నడు. నేను ఇడవలె. నర్సమ్మ వచ్చి కట్టు కట్టేదాంక ఇద్దరం గట్లనే కింద కూసున్నం.