మందు కొట్టని తోట

మా అత్త పోయిన కబురు నాకు ఆళ్లగడ్డ బస్సు కండక్టరు తెచ్చాడు. నంద్యాలలో మా కొట్టు బస్టాండుకు ఎదురుగానే ఉంటుంది. రోజూ మొదటి బస్సులో తోట నుంచి ద్రాక్షగంపలు వస్తాయి. ఆ రోజు గంపలు రాలేదు. ఆయనే దిగి, రోడ్డు దాటి వచ్చాడు.

“అక్కా, శెట్టెమ్మ పొయ్యింది. తెల్లార్తానే పందిరి కింద కూలబడిందంట. మీ ఇంటాయన్ని తోడుకోని బేగా బయల్దేరండి” అన్నాడు.

నేను వెంటనే ఏడవలేదు. ముందు నా మనసులోకి వచ్చిన మాట చెబితే మీరు ఛీ అంటారు. అనండి, పరవాలేదు. “అమ్మయ్య, ఇంక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే” అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. అది అత్త కోసం వచ్చిందో, ఇట్లాంటి మాట అనుకున్న నా పాడు మనసును చూసి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. పోయినవాళ్ల గురించి అందరూ నాలుగు మంచి మాటలు రాస్తారు. నేనూ రాస్తాను. అయితే ఆమె మంచితనం చెప్పాలంటే నేను చేసిన పని చెప్పక తప్పదు.

మా అత్తవాళ్లింట్లో మూడు తరాలుగా ద్రాక్షాసవం చేస్తున్నారు. ఆళ్లగడ్డ దాటి చాగలమర్రికి పోయే దారిలో తోట. అందులోనే ఇల్లు, ఇంటి వెనక జాడీల కొట్టం. నల్లద్రాక్షను పిసికి, బెల్లం కలిపి, నల్లమల నుంచి చెంచు ఆడవాళ్లు తెచ్చే ఎర్రపూలు వేసి, జాడీ మూతికి గుడ్డ కట్టి మన్ను మెత్తుతారు. నెలకు పైగా దాన్ని కదిలించకూడదు. లోపల అది పులిసి, నాలుకకు చురుక్కుమనే మందు అవుతుంది. బాలింతలకు, ఆకలి పుట్టని ముసలివాళ్లకు, ఒళ్లునొప్పులవాళ్లకు పూటకు ఒక గరిటె. ఊళ్లో కొంటెవాళ్లు దాన్ని శెట్టెమ్మ సారాయి అనేవాళ్లు. అత్త ఊరుకునే మనిషి కాదు. “సారాయి తాగినోడు పెండ్లాన్ని కొడతాడు. నా మందు తాగినోడు అన్నం అడుగుతాడు. తేడా నీ పెండ్లాన్ని అడుగు పో” అనేది.

నేను కాపురానికి వచ్చేనాటికే మామ లేడు. తోటను, జాడీలను, ఒక్కగానొక్క కొడుకును ఆమే సాకింది. పొద్దున్నే కొట్టంలోకి పోయి ఒక్కొక్క జాడీకి చెవి ఆనించి వినేది. లోపల బుడబుడమని పొంగే చప్పుడును ఆమె “మాట” అనేది. నేను కొత్తలో ఆత్రంగా మూత తీయబోతే నా చెయ్యి పట్టుకుని, “అది మాట్లాడతాండాది అమ్మీ. దాని మాట అయిపోనీ, మనం తర్వాత మాట్లాడదాం” అంది. నాకు నవ్వొచ్చింది. పుట్టింట్లో మాట అయిపోయేదాకా ఆగే అలవాటు నాకు లేదు మరి.

ఆమెకు అక్షరం ముక్క రాదు. సీసాలకు దారాలు కట్టేది. తెల్లదారం ఉంటే తాగే ఆసవం. ఎర్రదారం ఉంటే పందిళ్లకు కొట్టే పురుగుమందు. డబ్బాలోని పురుగుమందును రోజుకు కావలసినంత కొలిచి, ఆసవం పోసే ఖాళీ సీసాలోనే పోసి గూట్లో పెట్టేవాళ్లు. అప్పట్లో అందరిళ్లలోనూ అంతే. మా ఇంట్లో ఆసవాన్నీ మందు అనే అనేవాళ్లు, పురుగుమందునూ మందు అనే అనేవాళ్లు. ఏది అడుగుతున్నారో వేళను బట్టి, మనిషి మొహాన్ని బట్టి తెలిసేది. దారం చూస్తే అనుమానం ఉండేది కాదు.

నేను నందికొట్కూరులో పదో తరగతి పాసై వచ్చిన పిల్లను. ఆ ఇంట్లో నా అంత చదువుకున్న ఆడది లేదని నాకు కాస్త పొగరు. “ఏంది అత్తా ఇది, గొడ్లకు కట్టినట్టు దారాలు?” అంటే, “నీ రాత నాకు రాదు గదమ్మీ” అని నవ్వేది. “నేనుండాను గదా” అన్నాను నేను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఒకరోజు ఆమె బెల్లం కోసం నంద్యాలకు పోయింది. మా ఇంటాయన కూడా వెంట పోయాడు. నేను గూడంతా కడిగి, దారాలన్నీ కత్తిరించి, నోట్‌బుక్కు కాగితాలు ముక్కలు చేసి గంజితో అంటించాను. గుండ్రటి అక్షరాలతో ద్రాక్షాసవం, ద్రాక్షాసవం అని రాసుకుంటూ వచ్చాను. ఎర్రదారం సీసా దగ్గరికొచ్చేసరికి మిగిలింది చిన్న ముక్క. దాని మీద పురుగుమందు అని పట్టదు. మందు అని రాశాను.

తోట చూసుకునే ఓబులేసు పొద్దుటి నుంచీ పంపు వీపున వేసుకుని పందిళ్లకు మందు కొడుతున్నాడు. ఉయ్యాలవాడ నుంచి పెండ్లాం సుబ్బమ్మను, ఇద్దరు పిల్లలను తీసుకొచ్చి మా తోటలోనే కాపురముండేవాడు. మందు కొట్టిన రోజు తల దిమ్మెక్కుతుందని మధ్యాహ్నం అత్త దగ్గర ఒక గరిటె ఆసవం తాగేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ గుర్తుకు రాలేదు.

గడప దగ్గర నిలబడి, “చిన్నమ్మా, రోంత మందు కావాల” అన్నాడు.

పంపులోకి అడుగుతున్నాడనుకున్నాను. తలెత్తి అతని మొహం చూసినా తెలిసేది. “గూట్లో ఉండాది సూడు, కుడిపక్క సీసా” అన్నాను.

గూటి ముందు కాసేపు నిలబడ్డాడు. “దారం ల్యాదే?” అన్నాడు.

“దారాలు పీకేసినాలే. ఇప్పుడన్నీ రాతలే” అన్నాను గొప్పగా.

పొద్దుటి నుంచీ ఆ వాసనలోనే ఉన్న మనిషికి ముక్కు ఏం పనిచేస్తుంది? సీసా ఎత్తి గుక్క మింగాడు. కాసేపటికి బావి దగ్గర పడిపోయాడు. మాట పడిపోయింది, నోట్లో నురుగు. బండి కట్టి ఆళ్లగడ్డ ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

సాయంత్రం బస్సు దిగేసరికి అత్తకు కబురు అందింది. తోటకొచ్చి, ఏడుస్తున్న జనాన్ని దాటుకుని నేరుగా ఇంట్లోకి వచ్చింది. గూడు చూసింది. కింద పడున్న దారపు ముక్కలు చూసింది. నన్ను చూసింది. ఆ కాగితం ముక్కలన్నీ గోళ్లతో గీకి, నలిపి, నడుముకు దోపుకుంది. బయటికి పోయి సుబ్బమ్మ ముందు నిలబడి, “దారం కట్టేది మర్చిపోయినా సుబ్బమ్మా. నా సేతుల్తోనే జరిగింది” అంది.

సుబ్బమ్మ ఆమె జుట్టు పట్టుకుని కొట్టింది. అడ్డం రాబోయిన కొడుకును అత్త పక్కకు నెట్టి, కొట్టించుకుంది. నేను గడప లోపల నిలబడి చూశాను. రెండడుగులు వేసి ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. వేయలేదు. పోలీసులు వచ్చి రాసుకుపోయిన కాగితంలో కూడా దారం మర్చిపోయింది మా అత్తే.

మరుసటి రోజు అత్త పురుగుమందు డబ్బాను బావికి దూరంగా గొయ్యి తవ్వించి పూడ్చేసింది. “ఇంక ఈ తోటలో మందు కొట్టేది ల్యా” అంది. మా ఇంటాయన నెత్తీ నోరూ బాదుకున్నాడు. “మందు లేకుంటే ద్రాక్ష నిలుస్తాదా అమ్మా? మన తాతలకాలం పురుగులా ఇవి?” అన్నాడు. “నిలిస్తే నిలుస్తాది, లేకుంటే మనమూ ఎండుదాం” అంది ఆమె.

నిజంగానే ఎండింది. మొదటి ఏడు ఆకులకు బూజు పట్టి, గెలలు పిందెలోనే రాలిపోయాయి. అత్త వేపపిండి వేయించింది, బూడిద చల్లించింది. తెల్లారకముందే మబ్బులో లేచి, పందిరి కింద దుప్పటి పరిచి, తీగలు దులిపి పెంకుపురుగులను ఏరేది. ఓబులేసు పోయినా సుబ్బమ్మ తోట వదల్లేదు. ఇద్దరు పిల్లలను పెట్టుకుని యాడికి పోతుంది? దుప్పటికి ఆ కొసన ఆమె, ఈ కొసన అత్త. ఒకరితో ఒకరికి మాటల్లేవు. నాకు కళ్లు తిప్పుకోవడమే పని అయిపోయింది.

ఊరంతా నవ్వింది. “మందు కొట్టకుండా మందు సేస్తాదంట!” అనేవాళ్లు. కొందరు ఇంకా దారుణంగా, “మనిషిని తిన్న మందు మాకొద్దు” అని సీసాలు తిప్పి పంపారు. పందిళ్లు పీకి వేరుశనగ వేసుకోమని పెద్దమనుషులు సలహా ఇచ్చారు. రెండో ఏడూ పంట పోయింది. అప్పుడు నేను కూడా మా ఇంటాయన పక్కన చేరి, “ఒక్కసారికి కొట్టిద్దాం అత్తా, జాగ్రత్తగా” అన్నాను.

అత్త ఏరుతున్న పురుగులను వదిలేసి నావైపు చూసింది. “నువ్వా అమ్మీ, అడుగుతాండేది?” అంది.

అంతే. అన్నేళ్లలో ఆమె నన్ను దెప్పింది అదొక్కసారే. దానికన్నా చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది.

మూడో ఏడు తీగలు తేరుకున్నాయి. కాపు మునుపటిలో సగం కూడా లేదు గానీ, గెలలు చిన్నవైనా గట్టిగా, తియ్యగా వచ్చాయి. ఆ ఏడు జాడీలకు మన్ను మెత్తిన రెండో రోజుకే లోపల పొంగు మొదలైంది. మునుపు వారానికి గానీ మొదలయ్యేది కాదు. అత్త చెవి ఆనించి చాలాసేపు విన్నది. “ఇంత గట్టిగా మాట్లాడి శానా ఏండ్లయింది. ఇన్నాళ్లూ మందు కొట్టి మనమే దీని గొంతు నొక్కినామమ్మీ” అంది, కళ్లు తుడుచుకుంటూ.

మెల్లగా జనం మళ్లీ వచ్చారు. ముందు బాలింతలున్న ఇళ్లవాళ్లు, తర్వాత నంద్యాల వైద్యులు. వెక్కిరింతగా పెట్టిన పేరే నిలిచిపోయింది. ఇప్పుడు మా కొట్టుకొచ్చి, మందు కొట్టని తోట మందు ఉందా అని అడుగుతారు. సీసాలకు ఈనాటికీ రాత లేదు, తెల్లదారమే. చదువుకున్నవాళ్లు విచిత్రంగా చూస్తారు. నేను చీటీల సంగతి మళ్లీ ఎత్తలేదు గానీ అత్త ఒకసారి తనే అంది: “సదువు మంచిదే. సదువు రానోళ్లు గూడా బతకాల గదా.”

ఇంకోసారి ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు ఎందుకు నీ మీద వేసుకున్నావని. ఆమె జాడీ తుడుస్తోంది. “తోట నాది. సీసా నాది. తాగే సీసాలో ఇసం పోయించింది నేను. నువ్వు రాసింది యెంత, నేను తెచ్చిపెట్టింది యెంత?” అంది. తుడిచే గుడ్డ పక్కన పెట్టి, “సుబ్బమ్మకు మాత్రం నువ్వు సెప్పు. నాకోసరం కాదు. ఆ పిల్ల ఎవురి మీద కోపం పెట్టుకోవాల్నో దానికి తెలియాల గదా” అంది. చెబుతాను అన్నాను. చెప్పలేదు. నంద్యాలలో కొట్టు పెట్టుకుని వచ్చేశాక, దూరంగా ఉన్నాను గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కండక్టరు చెప్పిన రోజు మేము తోటకు చేరేసరికి అత్తను ఇంటి ముందు పడుకోబెట్టారు. ఆడవాళ్లు స్నానానికి నీళ్లు కాస్తున్నారు. సుబ్బమ్మ దూరంగా పందిరి గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె జుట్టు నెరిసింది. నా కాళ్లు ఈసారి ఎట్లా కదిలాయో, దగ్గరికి పోయాను.

“సుబ్బమ్మా, ఆ పొద్దు ఓబులేసుకు సీసా సూపిచ్చింది నేను. దారాలు తెంపింది నేను. అత్త దారం కట్టేది మర్చిపోల్యా” అన్నాను.

మా ఇంటాయన నా వెనకే ఉన్నాడు. ఆయన కూడా వినడం అదే మొదలు.

సుబ్బమ్మ కొడుతుందేమోనని చూశాను. కొడితే బాగుండునని చూశాను. ఆమె చేతులు లేవలేదు.

“పన్నెండేండ్లు” అంది. “పన్నెండేండ్లు ఆ యమ్మ సేతి నీళ్లు ముట్టల్యా నేను. ఎండలో పక్కపక్కనే పని సేస్తాంటే సెంబు సాపేది. నాలుక పిడసగట్టుకపోతాన్నా, వంకకాడికి పొయ్యి తాగొస్తాంటి. దినామూ సాపేది. దినామూ నేను మొగం తిప్పుకునేదాన్ని.”

తిన్నగా పోయి శవం పక్కన కూర్చుంది. గుడ్డ కిందనుంచి అత్త కుడిచెయ్యి బయటికి తీసి, వేళ్లు విప్పి, తన ఎడమ అరచేతిలో నిలిపి పట్టుకుంది. కుడిచేత్తో కింద పుడిసిలి పట్టింది. ఆడవాళ్లు “ఏందే, ఏం సేస్తాండావ్” అని అరిచారు. ఆమె వాళ్లవైపు తిరగలేదు. నన్ను చూసింది.

“పొయ్యి” అంది.

నేను చెంబు తీసుకుని అత్త అరచేతిలో నీళ్లు పోశాను. ఆ వేళ్ల మీదుగా కారిన నీళ్లు పట్టుకుని సుబ్బమ్మ తాగింది. మళ్లీ పోశాను, మళ్లీ తాగింది. ఆమె చాలనలేదు. చెంబు ఖాళీ అయింది. నేను పోయి ఇంకో చెంబు ముంచుకొచ్చాను.