ఎవరు చూశారమ్మా?

మా స్కూల్లో సోషల్ చెప్పే జ్ఞానమ్మ గారి దగ్గర ఎర్ర పెన్ను ఉండదు. బొటనవేలంత పెన్సిలు ముక్క ఉంటుంది. పిల్లలు రాసిన చరిత్ర వ్యాసాల పక్కన, మార్జిన్లో, దానితో ఒకే మాట రాస్తారు: "ఎవరు చూశారమ్మా?" రాజుగారు ప్రజలను కన్నబిడ్డల వలె పాలించెను అని రాస్తే, ఎవరు చూశారమ్మా. ఆ కాలంలో అందరూ సుఖంగా ఉండేవారు అని రాస్తే, అందరినీ ఎవరు చూశారమ్మా. పిల్లలు చాటుగా ఆవిడకి పెట్టుకున్న పేరూ అదే.

నేను లెక్కల మాస్టారిని, పేరు నాగేశ్వరప్రసాద్. చరిత్ర వ్యాసమంటే కాగితాలు తూకం వేసి మార్కులు వేసే వ్యవహారమని ఒకసారి స్టాఫ్ రూములో నోరుజారాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "స్టెప్పులు లేకుండా జవాబు ఒక్కటే వేస్తే మీరు మార్కులిస్తారా మాస్టారూ? నేను అడిగేదీ స్టెప్పులేనండి" అన్నారు. మళ్ళీ ఆ జోలికి పోలేదు నేను.

ఆవిడ పాఠం పక్క గదిలోంచి వినీ వినీ నాకూ కంఠస్థమైపోయింది. "పూర్వకాలం నుండి అని మొదలుపెట్టకండి. ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. ప్రతి మాటకీ సాక్షి ఉండాలి. ఇద్దరుంటే మంచిది, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఇంటి మనిషి సాక్ష్యం సగమే. మీరు చెప్పేదానికి అడ్డొచ్చే సంగతి కనబడితే దాచొద్దు, దాన్నీ రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి. దానికీ మార్కులున్నాయి."

ఆ పెన్సిలు పడని కథ ఒక్కటుంది. అది ఆవిడ తండ్రి కథ. మా ఊరు కడియం పక్కనే, నర్సరీల మధ్య. ఆవిడ తండ్రి ఆశీర్వాదం గారు ఇక్కడి లూథరన్ చర్చిలో ఉపదేశి. పాస్టరు గారు రాని ఆదివారాల్లో ప్రార్థన నడపడం, గంట కొట్టడం, తాళం వేసుకోవడం అన్నీ ఆయనే. ఎనభై ఆరు వరదలో, తెల్లవారుజామున గట్టు తెగినప్పుడు ఆయన ఆగకుండా చర్చి గంట కొట్టారనీ, ఆ చప్పుడుకి లేచి ఊరు మెరక చేరి బతికిందనీ అందరూ చెబుతారు. అప్పటికి జ్ఞానమ్మ గారికి పదకొండేళ్ళు. తల్లి లేదు, రాజమండ్రి హాస్టల్లో చదువుతున్నారు. "ఆ మాట ఎవరెత్తినా నాన్నగారు 'నేను కాదండి బాబూ' అనేసేవారు. ఎంత తగ్గింపు మనసో చూడండి!" అని ఏటా పిల్లలకి చెబుతూ కళ్ళు తుడుచుకుంటారు. ఈ ఏడాది చర్చికి కొత్త గంటస్తంభం కడుతున్నారు. దానికి ఆయన పేరుతో రాయి పెడతామని పెద్దలు చెప్పిన రోజు మా అందరికీ పూతరేకులు పంచారు.

ఇంతలో జిల్లా వ్యాసరచన పోటీ వచ్చింది. విషయం: "మా ఊరి చరిత్రలో ఒక రోజు". స్కూలుకి ఒక్క వ్యాసమే పంపాలి. తొమ్మిదో తరగతి తేజస్వి రాసింది. వాళ్ళ నాన్న మొక్కల లారీ నడుపుతాడు. పిల్ల ఒట్టి గడుగ్గాయి. వరద గురించే రాసింది. మొదటి వాక్యమే ప్రశ్న: "తాళంచెవి ఉన్న మనిషి తలుపు ఎందుకు పగలగొడతాడు?"

చర్చి తలుపుకి గొళ్ళెం దగ్గర వేరే చెక్కతో వేసిన అతుకు ఒకటుంది. నేను కూడా చూశాను. జ్ఞానమ్మ గారు ప్రతి ఆదివారం దాని మీద చెయ్యి వేసి తలుపు తోసుకుని వెళతారు. ఆ అతుకు వరదనాటిదని ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర తేల్చుకుంది తేజస్వి. గంట కొట్టింది తనేనని నర్సరీలో పనిచేసే చిట్టియ్య చెప్పాడని రాసింది.

ఆవిడ వ్యాసం మడిచి, ఆ పిల్లని స్టాఫ్ రూముకి పిలిపించారు.

"ఎవరు చూశారమ్మా?" అన్నారు. ఆ మాట అంత కటువుగా అనడం నేను వినడం అదే మొదటిసారి.

"చిట్టియ్య తాత చెప్పాడండి."

"తన గొప్ప తనే చెప్పుకుంటే సరిపోతుందా?"

"సరిపోదండి. అందుకే తలుపు చూశానండి. మరి... మీ నాన్నగారు కొట్టారని మాకు చెప్పింది కూడా మీరేనండి. ఇంటి మనిషి సాక్ష్యం సగమే అన్నారు కదండీ."

"క్లాసుకి వెళ్ళు" అన్నారు జ్ఞానమ్మ గారు.

నాకు ఒళ్ళు మండింది, ఆ పిల్ల మీద. నిజం చెప్పొద్దూ, స్టెప్పులన్నీ సరిగ్గా ఉన్నాయని తెలిసి మండింది. వ్యాసం శనివారం పోస్టులో పడాలి. బుధవారం, గురువారం అది ఆవిడ సంచిలోనే ఉంది. టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్ళారు. శుక్రవారం బడి వదిలాక నా దగ్గరకొచ్చి, "మాస్టారూ, మీ బండి మీద చిట్టియ్య పనిచేసే నర్సరీ దాకా తీసుకెళతారా?" అన్నారు.

చిట్టియ్యకి డెబ్భై దాటాయి. మందార మొక్కల వరసల మధ్య కూర్చుని పాలిథిన్ కవర్లలో మట్టి నింపుతున్నాడు. ఆవిడ "ఆ రోజు గంట..." అనగానే చేతిలో కవరు వదిలేశాడు.

"తాళం నేనే పగలగొట్టానమ్మా, గునపంతో. గట్టు తెగడం చూశాను, ఊరంతా నిద్రలో ఉంది. ఇంకేం చెయ్యనండి? మీ గుడి మనిషిని కాదు కదా, తర్వాత కేసు పెడతారని భయమేసింది."

"నాన్నగారు ఎక్కడున్నారు?"

"గోదావరి అవతలండి, జంగారెడ్డిగూడెం వైపు ప్రార్థనలకి వెళ్ళారు. బస్సుల్లేవు కదా, నాలుగో రోజుకి వచ్చారు. జనం మెరకల మీద చెల్లాచెదురు, ఆయన ఊళ్ళో లేరని ఎవరికీ తెలీదు. నా పేరు చెప్పొద్దని కాళ్ళ మీద పడ్డాను. ఆయ్. 'చెప్పనులేరా, లే' అన్నారు. తలుపుకి అతుకు కూడా ఆయనే వేశారండి. అడిగినోళ్ళందరికీ 'నేను కాదు, నేను కాదు' అని చెప్పుకొచ్చారు పాపం. ఎవరు నమ్మారండీ?"

జ్ఞానమ్మ గారు గంజి పెట్టిన చీరతో ఆ మట్టికుప్ప మీదే కూర్చుండిపోయారు. "నేనూ నమ్మలేదు బాబాయ్" అన్నారు. "ఊరి పిల్లలందరినీ ఎవరు చూశారు, ఎవరు చూశారు అని చంపుకుతింటాను. మా నాన్న నా ఎదురుగా కూర్చుని నిజం చెబుతుంటే అది ఆయన మంచితనం అనుకున్నాను." ఏడ్చారు. నేను మందార మొక్కలు లెక్కపెడుతున్నట్టు నటించాను. నాకూ ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

"ఇప్పుడు కేసేమన్నా అవుద్దామ్మా?" అన్నాడు చిట్టియ్య.

"ఏమీ అవదు బాబాయ్. నీ పేరు రాయొచ్చా?"

"ఆ పిల్ల రాసేసిందంట కదమ్మా" అన్నాడు.

శనివారం ఉదయం ఆవిడ వ్యాసం బయటికి తీశారు. చివరి పేరాలో తేజస్వి ఇలా రాసింది: "ఆశీర్వాదం గారు గంట కొట్టలేదని చిట్టియ్య గారు ఒక్కరే చెబుతున్నారు. రెండో సాక్షి నాకు దొరకలేదు. కాబట్టి ఇంతకు మించి నాకు తెలియదు." ఆవిడ పెన్సిలు పక్కనపెట్టి, నా జేబులో పెన్ను అడిగి తీసుకుని, ఆ వాక్యం పక్కన రాశారు: "రెండో సాక్షి ఆశీర్వాదం గారే. 'నేను కాదు' అని పోయేదాకా చెప్పారు. విన్నది ఆయన కూతురు జ్ఞానమ్మ."

తేజస్వి చదువుకుంది. తల గోక్కుంది. "టీచర్‌గారండీ, మీరు ఇంటి మనిషే కదండీ. మరి ఇది చెల్లుద్దాండీ?"

ఆవిడకి నవ్వొచ్చింది. మూడు రోజుల తర్వాత మొదటి నవ్వు. "సొంతవాళ్ళ గొప్ప పెంచడానికి చెబితే సగమేనమ్మా. తగ్గుతుందని తెలిసి కూడా చెబితే, అది నిండు సాక్ష్యం."

పిల్ల గొంతు సన్నబడింది. "అయితే రాయి మీద తాతగారి పేరు ఉండదాండీ?"

"అది పోతే పోనీ" అన్నారు జ్ఞానమ్మ గారు. "ఇన్నేళ్ళకి మా నాన్న మాట నమ్మాను. వెళ్ళి ఫెయిర్ చెయ్యి, పోస్టు టైమవుతోంది."