గుండ్రాయి బావగారు

మాంసం కొట్ల సందులో మా బావగారిని, అంటే మా ఆయన అన్నగారిని, అందరూ గుండ్రాయి అనేవాళ్లు. నుదురు ముందుకు పొడుచుకొచ్చి, దవడ వెడల్పై, ఏడాదికో టోపీ బిగుతయ్యేది. "బలుపు తలకెక్కింది" అని సందంతా నవ్వితే ఆయనా నవ్వేవారు. నవ్వుతూనే తలతో కుమ్మేవారు. వెనక నుంచి పిలిస్తే పలకలేదని "పొగరా?" అన్న లారీ డ్రైవరుకి ముక్కు పచ్చడైంది. భుజం తట్టి తొందరపెట్టినవాడి పళ్లు మా గడప మీదే రాలాయి. కాళ్లావేళ్లా పడి సర్దిచెప్పే పని మాత్రం మా ఆయనది.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే కొట్టు, మాంసం నరికే మొద్దూ ఒకటే. మా ఆయన ఎముకను రెండు చేతులా పట్టి తిప్పుతాడు, బావగారు కత్తితో కొడతారు. మా ఆయన "ఊఁ" అంటే వేటు పడాలి, "ఆగు" అంటే కత్తి గాల్లోనే ఆగాలి. వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి అది. మా ఆయన వేళ్లు ఆ నోటిమాటనే నమ్ముకుని ఉండేవి.

ఆ రోజు తొడ ఎముక జారింది. "ఆగు!" అని మా ఆయన అరిచిన అరుపు ఎదురు కొట్టుకీ వినపడింది. అయినా వేటు పడింది. మా ఆయన కుడిచేతి వేళ్లు రెండు మొద్దు మీదే ఉండిపోయాయి. నేను తూకపురాయి తీసి బావగారి నుదుటి మీద బాదాను. చర్మం చిట్లింది గానీ మనిషి కదల్లేదు. నాకు ఇంకా ఒళ్లు మండి మళ్లీ బాదాను.

ఆసుపత్రిలో డాక్టరు బావగారిని గుర్తుపట్టాడు. "పోయిన వానాకాలమే చెప్పాను కదమ్మా! ఈయన పుర్రె ఎముక మందమవుతోంది. అది పెరిగి చెవుల్ని మూసేస్తోంది. కత్తి పట్టొద్దన్నాను. ఇంట్లో చెప్పలేదా?"

చెప్తే మొద్దు దగ్గరికి రానివ్వరని బావగారు దాచారట. మాట వినపడక, తమ్ముడి భుజం కిందికి దిగడం చూసి "ఊఁ" అన్నట్టే అనుకుని కొడుతూ వచ్చారట. ఎముక జారినప్పుడూ భుజం దిగింది మరి. ఎవరి వేళ్లు పణం పెట్టి ఎవరాడిన జూదం!

గాయం మానాక మా ఆయన కొట్టుకు వచ్చాడు. బావగారు కత్తి తీసి తమ్ముడి ఎడమ చేతిలో పెట్టి, తన చెయ్యి మొద్దు మీద పరిచారు.

"కొట్టరా. చెల్లుకు చెల్లు."

"కొట్టు!" అన్నాను నేను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మా ఆయన కత్తెత్తాడు. బావగారు చెయ్యి తియ్యలేదు. కత్తి వెళ్లి వీధిలో పడింది. మరుక్షణం అన్న గొంతు పట్టి మా ఆయన గోడకు గుద్దాడు.

"చెవులు పోయాయని చెప్పడానికి నోట్లో ఎముక అడ్డం పడిందా? నేను నీకు పరాయివాణ్ణా?" అంటూ తన తలతో ఆ తలను కుమ్మాడు. పగిలింది మా ఆయన నుదురే. రక్తం కళ్లలోకి కారుతున్నా మళ్లీ మళ్లీ కుమ్మాడు.

బావగారు రెండు చేతులతో తమ్ముడి తల పట్టి ఆపారు. చొక్కా అంచుతో ఆ నెత్తురు తుడిచారు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను.

"ఏమన్నావురా?" అన్నారు. "నాకు వినపడలేదు. నా మొహం చూస్తూ మళ్లీ చెప్పు."