బెంచీకో సమీకరణం

ముందుగా క్షమాపణలు. విరామస్థితి నుంచి బయలుదేరిన సమస్త బస్సులకూ, మేడల మీంచి జారవిడిచిన సమస్త రాళ్లకూ, ఏకరీతిగా బ్రేకు వేసిన సమస్త డ్రైవర్లకూ చేతులు జోడించి విన్నవించుకుంటున్నాను... ఈ పోస్టులో మీ గౌరవానికి భంగం కలుగుతుంది. అందుకు మనస్ఫూర్తిగా విచారించాలి కాబట్టి విచారిస్తున్నాను.

మా చిన్నప్పుడు... మరీ చిన్నప్పుడు కాదు, ఇంటర్ ఫస్టియర్, మీసం రావాలా వద్దా అని ఆలోచించుకుంటున్న రోజుల్లో... జగిత్యాలలో మా ఫిజిక్స్ సార్ సమ త్వరణ సమీకరణాలను క్లాసుకు పంచిపెట్టారు.

నిజంగానే పంచారు, ప్రసాదంలాగా. మొదటి వరుస బెంచీలకు v = u + at. నడిమి వరుసకు s = ut + ½at²... వాళ్లలో సగం మంది ఆ సగాన్ని మింగేసేవాళ్లు. చివరి వరుసకు v² − u² = 2as.

"అందరికి అన్ని చెప్తే ఎవ్వలకు రావు," అనేవారు సార్. "వరుసకు ఒకటి పట్టుకుంటే క్లాసుకు అన్ని అస్తయి. పైనుంచి ఎవలన్న అచ్చి అడిగితే, ఎవల వంతుది వాళ్లు చెప్పాలె."

ఇక రోజూ చివరి పీరియడ్‌లో సాధన. మూడు వరుసలూ ఒకేసారి, ఎవరి సమీకరణం వాళ్లు, గొంతు చించుకుని... సిరిసిల్లలో మా పెద్దమ్మ వాళ్లింట్లో మరమగ్గాలన్నీ ఆడుతుంటే పక్క మనిషి మాట వినపడదు. అదే మోత. కాకపోతే అక్కడ సాయంత్రానికి గుడ్డ దిగేది. ఇక్కడ ఏమీ దిగేది కాదు.

సార్ నోట్లో ఎప్పుడూ వక్కపొడి. ఆయన 'స్క్వేర్' అన్నప్పుడల్లా మొదటి వరుస మీద సన్నటి జల్లు పడేది... ఎర్రగా, వెచ్చగా. పుస్తకం మీద, చేతి మీద, ఒక్కోసారి పెదవి మీద. ఛీ. ఇది రాస్తూ కూడా ఒకసారి పెదవి తుడుచుకున్నాను.

ఆ మొదటి వరుసలోనే ఉండేవాడు నా దోస్తు సాజిద్. ఇద్దరం కోరుట్ల నుంచి ఒకే బస్సులో వచ్చేవాళ్లం. వాళ్ల నాన్నకు అక్కడ పరుపుల దుకాణం. దూది ఏకే మిషన్ ఆడితే గదంతా పీచు ఎగిరేది... ముక్కులోకి, జుట్టులోకి, చాయ్‌లోకి. నాకు అసహ్యం, అంతే. సాజిద్‌కు మాత్రం ఊపిరి అందేది కాదు. కాసేపు కూర్చుంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి.

పరీక్షలు దగ్గరపడ్డాక వాళ్ల నాన్న నన్ను దుకాణం ముందు ఆపాడు. నేను ఆయన్ను చాచా అనేవాణ్ణి.

"బేటా, నువ్వన్న జర చెప్పు వీనికి. ఫిజిక్స్ పోయిందంటే కాలేజీ బంద్. మిషిన్ కాడ కూసుంటడు."

"మిషిన్ కాడ వానికి దమ్ము అస్తది గద చాచా."

"నాకు రాదా?" అన్నాడు చాచా.



సాజిద్‌కు వచ్చింది ఒక్కటే, మొదటి సమీకరణం. అందులో దూరం అన్న ఊసే లేదు. లెక్కలో దూరం అడిగితే వాడు పైకప్పు చూసేవాడు. కాబట్టి నేను గురుపీఠం ఎక్కాను... అంటే, బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ పాఠం మొదలుపెట్టాను.

"టైమ్ ఇయ్యలే. దూరం అడిగిండు. ఏది వాడుతవ్?"

"నాది."

"నీ దాంట్ల దూరం ఏడుందిరా?"

"అయితే టైమ్ ఎంతైందో డ్రైవర్‌ను అడుగుదాం పా."

మూడోది చెప్పరా అంటే 'వి స్క్వేర్' దగ్గర ఎక్కి, మేడిపల్లి వచ్చేసరికి 'యు ప్లస్ ఏ టి' దగ్గర దిగేవాడు. మళ్లీ చెప్పించాను. మళ్లీ అంతే. పక్క సీట్లో ఒక ముసలమ్మ చాలాసేపు వాడి మొహమే చూసి, నా చెయ్యి తట్టింది.

"కొడుకా, ఎప్పటిసంది గిట్లున్నడు పోరడు?"

"పరీక్షలు పడ్డకాడి సంది, అవ్వా."

"కొండగట్టుకు తీస్కపోరి. అంజన్న కాడ నిద్ర జేపియ్యిర్రి. తక్కువైతది."

సాజిద్ ఆమెకు వినయంగా దండం పెట్టాడు. "పాసైతే పోతం అవ్వా."

అంతలో క్లాసులో వాడి చోటు మారింది. మొదటి వరుస నుంచి చివరి వరుసకు. అక్కడ రెండు చెవుల్లోనూ ఒకటే మోత... v² − u² = 2as. కొన్నాళ్లకు వాడి నోరు దానంతట అదే అనడం మొదలుపెట్టింది. బస్సెక్కుతూ, టికెట్ తీసుకుంటూ, చాయ్‌లో బన్ను ముంచుతూ... అర్థమైందా అంటే, కాలేదు. అర్థం ఎవరడిగారు?

పరీక్షలో బస్సే వచ్చింది. వేగంగా పోతున్న బస్సుకు బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది... టైమ్ ఇవ్వలేదు.

హాలు బయటకు వచ్చి సాజిద్ మెల్లగా అన్నాడు, "బస్సు ఆగిందిరా."

బొటాబొటి మార్కులతో గట్టెక్కాడు. ఆ ఒక్క లెక్క తీసేస్తే పోయేవాడే. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఆఫీసులో కూర్చుంటాడు. పీచు లేదు, పిల్లికూతలు లేవు. మిషన్ మాత్రం చాచా ఇంకా ఆడిస్తూనే ఉన్నాడు...

ఇప్పుడు మా అక్క కొడుకు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్‌లో అదే బస్సును చూస్తూ చదువుకుంటాడు. ఎవరి తుంపరా పడదు, ఎవరి అరుపూ వినపడదు. చాలా శుభ్రమైన చదువు... పక్కవాడికి ఏది రాదో మాత్రం వాడికి తెలియదు.

మీ వంతుకు ఏ సమీకరణం వచ్చిందో కింద రాయండి. ఎవరి పక్కన కూర్చుంటే అది నోటికొచ్చిందో కూడా రాయండి.

పోతే, సాజిద్‌కు ఫిజిక్స్ నేర్పింది నేనేనని కోరుట్లలో నాకు మంచి పేరుంది. నేను నేర్పిందేమీ లేదు. చేసింది ఒకే ఒక్క పని... చివరి వరుసలో ఉన్న నేను ఒకరోజు లేచి నిలబడి, "సార్, నాకు బోర్డు కనవడ్తలేదు" అన్నాను. సార్ నన్ను తీసుకెళ్లి సాజిద్ చోట్లో కూర్చోబెట్టి, వాణ్ణి నా చోటికి పంపారు.

బోర్డు నాకు బాగానే కనిపించేది.