గీతలు లేని రికార్డులు

కెనడా వచ్చిన కొత్తలో హాలిఫాక్స్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనర్ అంకుల్ పోయారని ఆయన కూతురు మెసేజ్ పెట్టింది. అప్పుడు గ్వెల్ఫ్‌లో బస్సులో ఆఫీసుకు వెళ్తున్నాను. దిగాల్సిన స్టాప్ దాటిపోయాక గానీ తేరుకోలేదు.

మన తెలుగు పిల్లలు చదువులకని విమానాలకు విమానాలు నింపుకుని దిగిన ఏడాది, అద్దెకు గది దొరక్క తిరుగుతున్న మా ముగ్గురమ్మాయిలకు ఆయన తన బేస్‌మెంట్ ఇచ్చారు. అరవై దాటిన నల్లజాతి పెద్దాయన. సిటీ బస్సు నడిపి రిటైరయ్యారని మాత్రమే తెలుసు. ఆ ఊరికి హిప్‌హాప్ అనే మాటే కొత్తయిన రోజుల్లో, చర్చి హాల్లో రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి జనాన్ని ఆడించిన మొదటి డీజే ఆయనేనని మెల్లగా తెలిసింది. రికార్డుల డబ్బాలు ఫెర్రీ పడవలో వేసుకుని హార్బర్ అవతలి ఒడ్డుకూ వెళ్లేవారట. ఏ పాట వాయిస్తున్నారో పోటీవాళ్లు పసిగట్టకుండా రికార్డుల మీది లేబుళ్లు నానబెట్టి పీకేసేవారట. కాలేజీ రేడియోలో ఏళ్ల తరబడి వారం వారం పాటలు వినిపించారు. సొంత ఆల్బమ్ మాత్రం లేదు. "పాటలో జనం ఎక్కడ లేస్తారో కనిపెట్టడమే నా పని," అనేవారు. "మొహాలు చూడకు. కాళ్లు చూడు."

ఆ చర్చి హాలు కూల్చేస్తున్నారని తెలిసి, పాతవాళ్లంతా చివరిసారి ఆయన చేత వాయించుకోవాలనుకున్నారు. వాయించాల్సిన రోజు పొద్దున ఆయన డయాలసిస్‌కు వెళ్లినప్పుడు, సాయం చేద్దామని డబ్బాలోని రికార్డులన్నీ గోరువెచ్చని సబ్బునీళ్లతో శుభ్రంగా తుడిచాను. పండగంటే కడగడమే కదా మనకు!

"ఏందే, ఆ పెన్సిల్ గీతలు గూడ తుడిచినవా?" అంది మా రూమ్మేట్.

"పిల్లలెవరో గీశారనుకున్నానే!"

అంకుల్ వచ్చి ఒక రికార్డును కిటికీ వెలుతురులో వంచి చూశారు. పాటలో డ్రమ్స్ మాత్రమే మిగిలే చోటును గుర్తుపట్టడానికి, సూది అక్కడే దించడానికి, ఆయన మైనపు పెన్సిల్‌తో వేసుకున్న గీతలవి. దాదాపు నలభై ఏళ్ల పని. అప్పటికే జబ్బుతో ఆయన చేతులు వణికేవి.

"సారీ అంకుల్," అన్నాను.

ఆయన ఆ రికార్డును తిరిగి డబ్బాలో పెట్టారు. తర్వాత డబ్బా నా చేతికిచ్చి, "పద కిడ్. నా చెవులు తుడిచెయ్యలేదుగా," అన్నారు.

మధ్యాహ్నం హాలు నిండింది. మొదటి రికార్డు మీద సూది తప్పు చోట పడింది.

"ముసలోడివైపోయావ్!" వెనక నుంచి ఒకావిడ అరిచింది. అందరూ నవ్వారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

ఆయన హెడ్‌ఫోన్‌ను ఒక చెవికి భుజంతో అదిమిపట్టి, కళ్లు మూసుకుని, రికార్డును వెనక్కి తిప్పారు. ఇంకాస్త. వదిలారు. డ్రమ్స్ సరిగ్గా పడ్డాయి. రెండో ప్లేయర్ మీదున్న అదే పాట రికార్డులోంచి మళ్లీ అవే డ్రమ్స్, అతుకు తెలియకుండా. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. వణికే ఆ చేతులు రికార్డు తగలగానే నిలకడగా అయిపోవడం పక్కనే నిలబడి చూశాను. అలాంటిది నేను మళ్లీ చూడలేదు.

అరిచినావిడ హ్యాండ్‌బ్యాగ్ కుర్చీలో పడేసి లేచింది. వరసలు వరసలుగా లేచారు. మంచు బూట్లతోనే ఆడారు. మధ్యలో ఆయన రికార్డు మీద వేలు ఆనించారు. పాట ఆగింది. హాలంతా ఉన్నచోట ఉన్నట్టు, ఒక్కో కాలు గాల్లో లేపి, ఆ వేలి వంకే చూస్తూ నిలబడిపోయింది.